దేశానికి అవసరమైన అమ్మాయి

మా చెల్లి అమెరికాలో ఏం పనిచేస్తుందని ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో జవాబు చెబుతాం. బాబాయి ‘ఆసుపత్రిలో’ అంటాడు. విన్నవాళ్లు డాక్టరనుకుంటారు. పిన్ని ‘డిజైనింగు’ అంటుంది. వాళ్లు బట్టల డిజైనరనుకుంటారు. ఈ గొడవంతా ఎందుకని మా అమ్మ ‘సాఫ్ట్‌వేరే’ అనేస్తుంది. ఇక ఎవరూ ఏమీ అడగరు!

నిజానికి మా బాబాయి కూతురు హెల్త్‌కేర్‌ డిజైన్‌ రిసెర్చర్‌. రోగుల పక్కన కూర్చుంటుంది. డాక్టరు ఇచ్చిన కాగితం చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పమంటుంది. నర్సు వెంట తిరుగుతూ ఏ మిషను దగ్గర చెయ్యి తడబడుతోందో రాసుకుంటుంది. ఆ తర్వాత ఆ కాగితాన్నో, మిషన్నో, వార్డునో మనిషికి తగ్గట్టు మార్పిస్తుంది.

‘దీనికి జీతమిస్తారా?’ అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఎందుకిస్తారో డెబొరా ఆడ్లర్‌ సంగతి వింటే తెలుస్తుంది. ఆమె న్యూయార్క్‌లో డిజైన్‌ చదువుతున్నప్పుడు వాళ్ల నాయనమ్మ పొరపాటున తాతయ్య మందు మింగేసింది. సీసాలు రెండూ ఒకేలా ఉండటమే కారణం. ఆ అమ్మాయి మందు సీసానే కొత్తగా గీసింది. మందు పేరు పెద్ద అక్షరాల్లో, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు రింగు. 2005లో టార్గెట్‌ దుకాణాలు ఆ సీసాని వాడకంలోకి తెచ్చాయి. అలాగే జీఈ కంపెనీలో డగ్‌ డీట్జ్‌ అనే డిజైనర్‌, తను తయారుచేసిన ఎమ్మారై మిషన్‌ని చూసి ఓ చిన్నపిల్ల ఏడవడం చూశాడు. పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రిలో స్కానింగ్‌ గదిని సముద్రపు దొంగల ఓడలా మార్చేశారు. మత్తుమందు ఇస్తేగానీ పడుకోని పిల్లలు చాలామంది తమంతట తామే ఎక్కి పడుకున్నారు.

ఇంత మంచి పని చేసేవాళ్లకైనా వీసా కష్టాలు తప్పవు కదా. 2023లో చెల్లి పనిచేసే కంపెనీ చాలామందిని తీసేసింది. అందులో తనూ ఉంది. హెచ్‌1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆలోగా ఇంకో కంపెనీ తమ వీసా కిందికి తీసుకోవాలి, లేదా వేరే వీసాకు మారాలి. రెండూ కాకపోతే పెట్టే సర్దుకోవాలి. అంతకంటే బాధ ఏమిటంటే- ఆ కంపెనీ తన తరఫున మొదలుపెట్టిన గ్రీన్‌కార్డు ప్రయత్నం లేబర్‌ సర్టిఫికేషన్‌ దశలోనే ఉంది. ఉద్యోగంతోపాటే అదీ పోయింది. 52వ రోజున ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికిందిగానీ, ‘ఈసారి నా కాగితం ఎవరి చేతుల్లోనూ ఉండకూడదు అక్కా’ అంది ఫోన్లో.

అందుకు దారి నేషనల్‌ ఇంటరెస్ట్‌ వెయివర్‌. పెద్ద చదువులవాళ్లకు గ్రీన్‌కార్డు కావాలంటే మామూలుగా ఓ కంపెనీ ముందుకు రావాలి. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్‌ దొరకలేదని నిరూపించాలి. ఈ వ్యక్తి పని దేశ ప్రయోజనానికి అవసరమనుకుంటే ప్రభుత్వం ఆ రెండింటినీ మినహాయించవచ్చు. 1990 నాటి చట్టంలో ఉన్న వెసులుబాటే ఇది. దరఖాస్తు ఎవరికివారే పెట్టుకోవచ్చు. 2016 డిసెంబరులో ‘ధనసర్‌’ అనే కేసులో వచ్చిన నిర్ణయం ప్రకారం అధికారులు మూడు సంగతులు చూస్తారు. చేసే పనికి విలువా, జాతీయ స్థాయి ప్రాధాన్యమూ ఉన్నాయా? దాన్ని ముందుకు తీసుకెళ్లగల సత్తా ఈ మనిషికి ఉందా? కంపెనీ అవసరం లేదని మినహాయిస్తే దేశానికి మేలేనా?

చిక్కంతా మొదటి ప్రశ్నతోనే. ధనసర్‌ ఏరోస్పేస్‌ ఇంజినీరింగ్‌ పరిశోధకుడు, పాఠాలు కూడా చెబుతాడు. ఆయన పరిశోధన జాతీయ ప్రాధాన్యమున్నదే అన్నారు. పాఠాలు చెప్పడం మాత్రం, మంచి పనే అయినా, దాని ప్రభావం అంత దూరం వెళ్తుందని రుజువు కాలేదన్నారు. మరి ఒక ముసలాయన మంచం పక్కన కూర్చుని మందుల కాగితం చదివించడం దేశానికి సంబంధించిన పని ఎలా అవుతుంది?

‘లాయరు రాసింది చదివితే నా పని నాకే అర్థం కావట్లేదు. మామూలువాళ్లకు అర్థమయ్యేట్టు రాయడం నీ పనే కదా, కాస్త చూడవూ’ అని అడిగింది. మూడు ఆదివారాలు కూర్చున్నాం, నాకు పొద్దున, తనకు రాత్రి. పేజీల నిండా ‘వినూత్న’, ‘సమగ్ర’ లాంటి మాటలే. అవన్నీ పక్కనపెట్టి ‘నీకు బాగా గుర్తున్న ఒక్క రోగి గురించి చెప్పు’ అన్నాను. స్పానిష్‌ మాట్లాడే ఓ పెద్దావిడ గురించి చెప్పింది. మందు చీటీ మీద రోజుకు ‘ఒన్స్‌’ అని ఉంది. ఇంగ్లిషులో ఒకసారి అని. అవే అక్షరాలను స్పానిష్‌లో చదివితే 11! ఆవిడ చీటీ పట్టుకుని ‘పదకొండా?’ అని అడిగిందట. అమెరికాలో ఇంట్లో స్పానిష్‌ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైనే. ఒక మంచం పక్కన మొదలైన సంగతి దేశమంతా పాకేది అక్కడే. ఆ ఒక్క మాటతోనే మొదటి పేజీ మొదలైంది.

అదనపు ఫీజు కడితే 45 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు. ఆమోదం వచ్చింది. బాబాయి వీధంతా స్వీట్లు పంచాడు, గ్రీన్‌కార్డు వచ్చేసిందని. రాలేదు. ఈ మినహాయింపు కంపెనీకే, క్యూకి కాదు. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1.40 లక్షలు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. దాంతో ఈ తరగతిలో భారతీయుల వరుస పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. మరి ఏం దక్కింది? వరుసలో చోటు దక్కింది. కంపెనీ మారినా ఆ తేదీ పోదు. హెచ్‌1బిని ఆరేళ్ల తర్వాత కూడా మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. దానికి ఉద్యోగం మాత్రం ఉండాల్సిందే. ‘దేశ ప్రయోజనం కింద వెంటనే గ్రీన్‌కార్డు ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బులడిగితే పిల్లలకు ఈ తేడా చెప్పండి.

ఆమధ్య బాబాయి గుండెకు స్టెంటు వేశారు. చెల్లి రాలేకపోయింది. వస్తే వీసా స్టాంపింగు దగ్గర ఎన్నాళ్లు ఇరుక్కుంటుందోనని భయం. డిశ్చార్జి కాగితాలు నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లిషే. మందుల షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్కల మీద సగం పేర్లు లేవు. వీడియో కాల్‌లో ఒక్కో మాత్రా కెమెరాకు చూపించమంది. పెద్ద తెలుగు అక్షరాలతో, పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చందమామ బొమ్మలు వేసి చార్టు పంపింది. పిన్ని దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. నెల తిరక్కుండా ఇరుగుపొరుగున నలుగురు తమ మందుల చీటీలు పట్టుకొచ్చారు, మాకూ ఇలాంటిది రాయించి పెట్టమని.

ఆ రాత్రి బాబాయి ఫోన్లో అన్నాడు: ‘నువ్వు అవసరమని వాళ్ల దేశం రాసిచ్చింది, సంతోషమే. మరి ఇక్కడ ఈ పని ఎవరు చేస్తారమ్మా?’

అవతల కాసేపు మాట లేదు. ‘నాన్నా, చందమామ మాత్ర వేసుకున్నావా?’ అంది చివరికి.