పారితోషికం... అక్కడికక్కడే!

తారల పారితోషికాల గురించి మీరు బోలెడు కబుర్లు చదివుంటారు. షాట్ ఓకే అనగానే సరాసరి నోటికే పారితోషికం పుచ్చుకునే తారల సంగతి విన్నారా? 2011లో వచ్చిన మూకీ చిత్రం ‘ది ఆర్టిస్ట్’లో హీరోని మించి చప్పట్లు కొట్టించుకున్న అగ్గీ అనే కుక్క అలాంటి నటుడే. హీరో జీన్ డుజార్డిన్ జేబులో సాసేజ్ ముక్కలుండేవట. మరి ఆ చూపులు ఆయన్నెందుకు వదుల్తాయి!

మా జానీ అంతటి నటుడేం కాదు. వీధిలోంచి వచ్చినవాడు. గేటు తెరిస్తే చాలు, రోడ్డవతలి బిర్యానీ హోటల్ ఎముకల కేసి పరుగు! మధ్యలో లారీలు. “చూడు బాబూ, నెలరోజుల్లో పిలిస్తే వచ్చేట్టు చేసుకో. లేకపోతే ఎక్కడైనా వదిలెయ్” అన్నారు అపార్ట్‌మెంట్ పెద్దాయన. ఆయన్ననడానికేముంది?

ఇంట్లో ‘కూర్చో’ అనడానికి బిస్కెట్ తునక చాలు. బిర్యానీ ఎముకకి పోటీ నిలబడాలంటే? అందుకే స్క్రీన్ టెస్ట్ పెట్టాను. రెండు గుప్పిళ్లలో రెండు రకాలు దాచి చూపించడం, వాడు ముక్కు ఏ గుప్పిటికి ఆనిస్తే అది నెగ్గినట్టు. క్యారెట్ మొదటి రౌండ్లోనే అవుట్. పనీర్, కోడిగుడ్డు, ఉడికించిన చికెన్ బాగానే పోరాడాయి గానీ, మేక కార్జం ముందు అన్నీ సైడ్ క్యారెక్టర్లే. వాడి ఓటు వాసనకే మరి!

“కూరకా, ఫ్రైకా అన్నా?” అన్నాడు మటన్ కొట్టు కుర్రాడు.

“జానీకి.”

“మీ అబ్బాయా?”

పావుకిలో కార్జం కడిగి, ఉప్పూ కారం తగలకుండా, లోపలి ఎరుపు పోయేదాకా ఉడికించాలి. చల్లారాక శనగగింజంత ముక్కలు కోసి, సన్నసెగన పెనం మీద కాసేపు ఆరబెడితే జేబుకంటుకోవు. రెండ్రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో. ముక్క పెద్దదైతే నమలడంలో పడి, ఎందుకిచ్చామో వాడే మర్చిపోతాడు. వచ్చిన మరుక్షణమే నోట్లో పడాలి. కార్జంలో విటమిన్ ఏ ఎక్కువ కాబట్టి రోజూ అదే వద్దు, చికెన్‌తో మార్చి మార్చి పెట్టండి. ఈ చిరుతిళ్లన్నీ కలిపి రోజు తిండిలో పదోవంతు దాటకూడదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం చచ్చినా పెట్టకండి, కుక్కలకవి విషం.

ముందు హాల్లో, తర్వాత వరండాలో, ఆపైన పొడుగు తాడు కట్టి గేటు దగ్గర... అన్నం వేళకి ముందే, ఐదేసి నిమిషాలు. ఇరవై ఆరో రోజున గ్యాస్ సిలిండర్ వచ్చి గేటు బార్లా తెరుచుకుంది. తాడు లేదు! జానీ గడప దాటాడు. “జానీ, రా!” అన్నాను. ఎముకల కేసి ఓసారి చూశాడు. నా జేబు కేసి చూశాడు. గిరుక్కున తిరిగొచ్చాడు. ఒకటి కాదు, ఐదు ముక్కలు వరసగా పెట్టాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

పెద్దాయన పైనుంచి చూస్తూ, “జేబులో ఏం పెట్టుకున్నావోయ్?” అన్నారు.

ఇప్పుడు ఇంట్లో పన్లకి నాలుగుసార్లకోసారే ముక్క, మిగతాదంతా మెచ్చుకోలే. గేటు దగ్గర మాత్రం బాకీ పెట్టను.