పప్పు పలుచగ లేదు సారూ

పది రూపాయల పదిహేడు పైసలు. సర్కారు బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మధ్యాహ్న భోజనం కోసం, బియ్యం కాకుండా, 2025 మే నుంచి మనిషికి కట్టిన లెక్క ఇది. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూకారం, గ్యాసు అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. గుడ్డు పైసలు వేరు. వంద మందికి రోజుకు 1,017 రూపాయలు. కొలత ప్రకారం అందులో మూడు కిలోల పప్పు, ఏడున్నర కిలోల కూరగాయలు, ముప్పావు కిలో నూనె రావాలి. అంగట్లో టమాటా ధర ఎగిరిన వారం ఈ లెక్క ఏ ఎక్కానికీ లొంగదు.

బిజినేపల్లి మండలంలో ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతాను. పోషకాహారం పాఠమూ నాదే. ఆ పాఠం విని ఏ పిల్లా సొరకాయ ముక్క తిన్నట్టు చూడలేదు. విటమిన్ ఏ లోపిస్తే రేచీకటి అని పరీక్షలో తప్పు లేకుండా రాసిన పిల్లే, సాంబారులోంచి క్యారెట్ ముక్కలు ఏరి పళ్లెం అంచున వరుసగా పేరుస్తుంది. గోడ మీది చార్టు దారి చార్టుది, నోటి దారి నోటిది.

ఆ నోటి దారి వంట చేసే పెద్దమ్మకు బాగా తెలుసు. ముక్క కనబడితే ఏరేస్తారని పాలకూర, తోటకూర పప్పులో వేసి ఆకు జాడ లేకుండా ఎనిపేస్తుంది. పుంటికూర నాడు మాత్రం ఏదీ దాచదు. ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ వేసి పోపు పెడితే ఆ వాసనకే పిల్లల వరుస ముందుకు జరుగుతుంది. "ఇంట్ల తినేదే కద సారూ, నాలుకకు ఎరుకే" అంటుంది. ఒకసారి మాలో ఎవరో పప్పు నీళ్లలా ఉందని సణిగితే ఆమె గంటె ఆపకుండానే జవాబిచ్చింది: "పప్పు పలుచగ లేదు సారూ, పైసలే పలుచగున్నయ్." బిల్లు వచ్చేదాకా కిరాణా దుకాణంలో ఖాతా నడిచేది ఆమె పేరు మీదనే. ఆ ఖాతా పెరిగినకొద్దీ పప్పులో నీళ్లు పెరుగుతాయి. పిల్లలకు మంచి తిండి గురించి నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ ఒక్క మాటలోనే ఉంది.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించకముందు, హాజరు సరిగ్గా ఉన్న పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడిలోనే పొయ్యి వెలిగింది. వలసపోయే పాలమూరులో అమ్మానాయనలు బొంబాయిలోనో పుణెలోనో ఉంటే అవ్వ దగ్గర పెరిగే పిల్లలకు ఆ పొయ్యి విలువ వేరే చెప్పనక్కర్లేదు. గుడ్డు పెట్టే రోజుల్లో కొందరు దాన్ని తినకుండా జేబులో వేసుకుంటారు, ఇంట్లో చెల్లెలుందని. ఆ పిల్లలకు ప్రోటీన్ల గురించి చెప్పడానికి నాకు నోరు రాదు.

జొన్న సంగతి ఇంకో తీరు. పాలెం మా మండలంలోదే. అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం జొన్న మీద ఏళ్లుగా పనిచేస్తోంది. మా పిల్లలకేమో జొన్నరొట్టె అంటే షుగరున్న తాత తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆ తర్వాత కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో వరి వచ్చింది. జొన్నచేను వెనక్కి తగ్గింది. బడికి సర్కారు పంపేదీ బియ్యమే. 2023 చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు, బడిలో రొట్టెలు పెట్టాలని ఉపన్యాసాలు చాలా విన్నాం. చేత్తో ఒక్క రొట్టె కొట్టి చూసిన మనిషి, వంద మందికి కొట్టమని ఇద్దరు ఆడవాళ్లకు చెప్పడు. గట్కయితే ఒక్క గంజులో దిగుతుంది, పెట్టొచ్చు. జొన్నలు ఎవరిస్తారు?

నాకు పనిచేసినట్టు కనిపించింది ఒకటుంది. వడ్డించేముందు ఉపాధ్యాయుడు రుచి చూడాలన్నది ఎప్పటినుంచో ఉన్న నియమం. చెంచాతో నాకి రిజిస్టరులో సంతకం పెట్టడం వేరు, పళ్లెం పట్టుకుని పిల్లల పక్కన కూర్చోవడం వేరు. సారు సొరకాయ ముక్క వదిలేశాడా తిన్నాడా అని వాళ్లు కచ్చితంగా చూస్తారు. స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా తెరిచే అయ్యవారు చెప్పే ఆరోగ్య సూత్రాలను ఎంతలో ఉంచాలో వాళ్లకు తెలుసు.

పదో తరగతి ప్రత్యేక తరగతులప్పుడు సాయంత్రం ఉడికించిన బొబ్బెర్లు, శనగలు పెడుతున్నారు. గుడాలు చేసిన నాడు గేటు బయట ఐదు రూపాయల ప్యాకెట్ల బేరం పడిపోతోందని దుకాణం ఆయన నవ్వుతూనే మొరపెట్టుకున్నాడు. "మాకెందుకు పెట్టరు సార్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. నేను జీవోలు వెతికే పనిలో ఉండగానే, పెద్దమ్మ కిలో బొబ్బెర్లు ఎన్ని పళ్లేలకు వస్తాయో వేళ్ల మీద లెక్కేయడం మొదలుపెట్టింది.