పరిమళం లేని పరిశుభ్రత

2025లో మా అమ్మానాన్నలకు హజ్ భాగ్యం లభించిందన్న కబురు వచ్చిన రోజున ఇల్లంతా సంతోషంతో నిండిపోయింది. అమ్మ మాత్రం షుక్రానా నమాజు ముగించి మౌనంగా ఒక మూల కూర్చున్నది. రెండు రోజులు బతిమాలిన మీదట మా అక్కచెల్లెళ్ళిద్దరి ముందు మనసు విప్పింది.

"నా దగ్గర చెమట వాసన వస్తుంది తల్లీ. మినాలో ఒకే గుడారంలో అంతమంది ఆడవాళ్ళ నడుమ ఎలా ఉండను?"

ఆరు నెలలుగా ఆమె స్త్రీల ఇజ్తిమాకు ఎందుకు వెళ్ళడం లేదో అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. ఒకనాడు పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నదట. మోకాళ్ళ నొప్పులని అమ్మ చెప్పిన సాకును మేము నమ్మి ఊరుకున్నాము. బిడ్డలమై ఉండి ఆమె బాధను గుర్తించలేకపోయాము.

అత్తరు రాసుకొమ్మని చెప్పే వీలు లేదు. ఇహ్రామ్ స్థితిలో సుగంధం పూసుకోవడం నిషిద్ధం. అంగళ్ళలో దొరికే డియోడరెంట్లలో చాలావరకు పరిమళం కలిపినవే. 2024 హజ్ రోజుల్లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. అందుచేత వాసన లేనిదాన్ని ఇంట్లోనే తయారు చేయాలని నిశ్చయించుకున్నాము.

మొదట కొబ్బరినూనె, వంటసోడా, కార్న్‌ఫ్లోర్ కలిపి ముద్ద చేశాము. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దే కరుగుతుంది. ఏప్రిల్ ఎండకు మా ముద్ద కాస్తా నీరుకారిపోయింది. పైగా మూడో రోజుకు అమ్మ చంకలు ఎర్రబడి మంట పుట్టాయి. చర్మానికి సహజంగా స్వల్పమైన ఆమ్లగుణం ఉంటుంది, వంటసోడాది క్షారగుణం. సహజమైనదంతా హాని చేయనిదేనని తొందరపడినందుకు సిగ్గుపడ్డాము.

చెమటకు దానికదే దాదాపు వాసన ఉండదు. చర్మంపై ఉండే సూక్ష్మజీవులు దాన్ని విచ్ఛిన్నం చేసినప్పుడే దుర్వాసన పుడుతుంది. కనుక కావలసింది వాసనను కప్పిపుచ్చడం కాదు, ఆ సూక్ష్మజీవులను అదుపు చేయడం. ఈ మాట విన్న నాన్నగారు, క్షౌరశాలలో కత్తి గాటు పడితే రుద్దే పటికను గుర్తు చేశారు. మన ఇళ్ళలో ఫిట్కరీ అని పిలుచుకునేది అదే.

కాచి చల్లార్చిన 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక చెంచా పటిక పొడిని పూర్తిగా కరిగించి, వడకట్టి, పిచికారీ సీసాలో పోశాము. ముందుగా ముంజేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూశాము. ఆ తర్వాత రోజూ స్నానం చేసి, చంకలను బాగా తుడుచుకుని, ఆ నీటిని చల్లుకుని ఆరనిచ్చేది అమ్మ. ప్రయాణంలో నున్నని పటిక గడ్డనే తడిపి రుద్దుకోవచ్చు. గాటు పడిన చర్మంపై రాస్తే మండుతుంది. పటిక కూడా అల్యూమినియం లవణమే గనుక మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా తీసుకోవాలి. ఉన్నట్టుండి చెమట గాని, దాని వాసన గాని మారితే కూడా వైద్యునికి చూపించుకోవడమే మంచిది.

మస్జిద్ ఇమామ్ గారిని అడిగితే, సుగంధం లేనిది గనుక ఇహ్రామ్‌లో వాడుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. చంకల వెంట్రుకలను నలభై రోజులకు మించి వదలకూడదన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధననూ, ఇహ్రామ్‌కు ముందే ఆ పని ముగించుకోవాలన్న సంగతినీ గుర్తు చేశారు. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని బోధించిన ధర్మం మనది. పక్కన నిలబడినవారికి మన వల్ల బాధ కలగకూడదన్నదే అందులోని ఆంతర్యం. అయితే ఆ పక్కవారికీ ఒక బాధ్యత ఉంది కదా! ముక్కు మూసుకునే బదులు ఏకాంతంలో మెల్లగా ఒక మాట చెప్పి ఉంటే, అమ్మకు ఆరు నెలల ఇజ్తిమాలు దూరమయ్యేవి కావు.

ప్రయాణానికి ముందు రెండు వారాలు అమ్మ తిరిగి ఇజ్తిమాకు వెళ్ళింది. మినా నుండి ఫోను వచ్చినప్పుడు, ఎలా ఉన్నావని మేము అడగక మునుపే అన్నది:

"పటిక గడ్డను పగలగొట్టి సగం పక్కనున్న కర్నూలు ఆవిడకు ఇచ్చానమ్మా. ఆమెకూ నాలాంటి దిగులేనట. ఎవరికీ వినబడకుండా చెవిలో చెప్పాలే!"