మామునూరు మైదానం

వరంగల్లు వచ్చిన చుట్టాలకు మనం చూపించేవి ఎప్పుడూ అవే గదా: వేయిస్తంభాల గుడి, కోటలో తోరణాలు, భద్రకాళి చెరువు. ఈమాటు ఖమ్మం దారి పట్టి, ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరాన వున్న మామునూరు చూసివద్దామనిపించింది.

అక్కడ చూడటానికేముంది అంటారా? ఒక పెద్ద మైదానం, పాతబడిన రన్‌వే, ఏపుగా పెరిగిన గడ్డి. కాని ఇది 1930లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో తయారైన విమానాశ్రయం. ఆ తరువాత నాలుగేళ్ళకు వరంగల్లులో అజంజాహీ బట్టల మిల్లు వెలసింది. 1981 దాకా మామునూరులో విమానాలు దిగాయి. ఆపైన ఆకాశం మూగపోయింది.

ఇక్కడ నిలబడితే ఒక లెక్క తోచక మానదు. కౌలాలంపూరు నుంచి సింగపూరు 300 కిలోమీటర్లు. విమానం గంటలో దింపుతుంది. హైదరాబాదు నుంచి సింగపూరు సుమారు 3,300 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. మరి హన్మకొండలో ఇంటికి తాళం వేసి శంషాబాదు చేరటానికో? దారి కలిసివస్తే మూడున్నర గంటలు. పరదేశం వెళ్ళేవారు మూడు గంటల ముందే అక్కడ వుండాలి. వెరసి ఆరున్నర! సముద్రం దాటడం కంటే ఉప్పల్ దాటడమే కష్టమన్నమాట. అబ్బాయిని సాగనంపబోయే తల్లి అర్ధరాత్రి లేచి పులిహోర కలపడం అందుకే.

దూరమే మామునూరుకు అడ్డూ అయింది. శంషాబాదు విమానాశ్రయం 2008లో మొదలైంది. దానికి 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ళపాటు మరొకటి రాకూడదని ఒప్పందంలో షరతు వుంది. మామునూరు నుంచి శంషాబాదుకు తిన్నగా గీత గీస్తే వచ్చేది దాదాపు 145. అయిదు కిలోమీటర్ల తేడా ఒక జిల్లాను ఎన్నో ఏళ్ళు నేలమీదనే నిలబెట్టింది! ఎట్టకేలకు సడలింపు దొరికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరేనన్నది.

ఇప్పుడున్న దాదాపు 700 ఎకరాలు చాలవట. మరో 253 కావాలన్నారు. గట్టుమీద కూర్చున్న ఒక ముసలి రైతును పలకరించాను.

"విమానం వస్తే మంచిదేగా, పెద్దయ్యా?"

"మంచిదే సారూ, వద్దంటనా? మా మనుమడు గూడ ఎక్కుతడేమో. గని పోయేది నా చెలక. గా పైసలతోని ఈ దగ్గర్ల గింత భూమి దొరుకుతదా, చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. గంటలు కలిసివచ్చేది నాబోటివాళ్ళకు. ఎకరాలు పోయేది ఆయనకు. మొదటి విమానం లేచిననాడు మనం ఆదా చేసుకునే ప్రతి గంటలోనూ ఆ చెలక పాలు వుంటుంది. దానికి సరైన ధర కట్టించాలని అడగవలసినవాళ్ళలో టిక్కెట్టు కొనబోయే మనమూ వున్నాము.

తిరిగి వస్తుంటే ఆయన తలపాగా దులుపుకుని చెలకలోకి దిగాడు. పొద్దు ఇంకా వుంది.