ఖోదడ్ పొలములలో ఉదజని జాడ

పుణె నుండి నాసికకు పోవు రహదారిపై సుమారు 80 కిలోమీటర్లు సాగిన పిదప, టొమాటో సంతకు పేరుగాంచిన నారాయణగావ్ వచ్చును. అచ్చట తూర్పుదారి పట్టి, ద్రాక్షతోటలను ఉల్లిమళ్లను దాటి ఖోదడ్ గ్రామమును సమీపించునప్పటికి, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసముగల మహాపళ్లెరములు పైరుల మీదుగా తలలెత్తి కానవచ్చును. రేడియో ఖగోళశాస్త్రజ్ఞుడు గోవింద్ స్వరూప్ మహాశయుని సంకల్పమున వెలసిన జయంట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు ఇదియే. పళ్లెరములు మొత్తము 30. అందు 14 నడిమి మైదానమున గుమిగూడి యుండగా, తక్కిన 16 మూడు బాహువులుగా చీలి పాతిక కిలోమీటర్ల మేర వ్యాపించి యున్నవి. జాతీయ విజ్ఞాన దినమగు ఫిబ్రవరి 28న ప్రజలకు ద్వారములు తెరతురని విని, నేనును ఆ జనసమ్మర్దములో ఒకడనై లోనికి పోయితిని.

బడిపిల్లల ప్రదర్శనశాలను త్వరగనే దాటితిని. మట్టి అగ్నిపర్వతమున సోడా పొంగుట ఏ ఊరనైనను చూడవచ్చును గదా! నన్ను నిలిపివేసినది ఒక పళ్లెరపు అడుగుభాగము. కాంక్రీటు బురుజుపై నిలిచిన ఆ నిర్మాణమును క్రిందినుండి చూచినచో దానికి ఒడలే లేదనిపించును: సన్నని ఉక్కుతీగెల వల, దానిని బిగించి పట్టిన తాళ్లు, వానికావల నీలాకాశము. వలకన్నులు నడుమ 10 మిల్లీమీటర్లు, అంచులయందు 20 మిల్లీమీటర్లు. తీగె మందము అర మిల్లీమీటరునకు కొంచె మెక్కువ.

"గాలి దూసుకొనిపోవు ఈ చిల్లులలో నక్షత్రలోకపు వార్త మాత్రము నిలుచునా?" యని గుంపులోని యొక మరాఠీ ఉపాధ్యాయుడు ప్రశ్నించెను.

"నిలుచును, గురూజీ" యని మార్గదర్శకుడైన యువ పరిశోధకుడు నవ్వి, ఉదజని పరమాణువు వెలువరించు తరంగము పొడవు 21 సెంటీమీటర్లనియు, అది బయలుదేరిన పిదప విశ్వము రెండింతలు పెరిగినచో తరంగమును రెండింతలు సాగి 42 సెంటీమీటర్లై ఇటకు చేరుననియు, అంతటి దీర్ఘతరంగమునకు అంగుళమైనను లేని చిల్లు చిల్లే కాదనియు వివరించెను. గాలికి దారి విడుచుట చేతనే ఇంతటి పళ్లెరము తక్కువ బరువుతో, తక్కువ వ్యయముతో నిలువగలిగినది.

సర్పిలబాహువులతో కన్నులపండువుగా నుండు చక్రగెలాక్సుల చిత్రములను మనమెరుగుదుము. ఆ చిత్రములలో కనబడనిది ఈ ఉదజని వాయువు. నక్షత్రజననమునకు అదియే మూలధనము. 800 కోట్ల సంవత్సరముల క్రిందటి ఒక్క గెలాక్సినుండి వచ్చు సంకేతము ఇన్ని పళ్లెరములకును అందనంత క్షీణము. కావున పుణె, బెంగుళూరు శాస్త్రజ్ఞులు 7,653 గెలాక్సుల సంకేతములను ఒకదానిపై నొకటి పేర్చి, సగటు తీసి, 2020లో ఫలితమును ప్రకటించిరి. సగటున ఒక్కొక్క దానియందు సుమారు 1,200 కోట్ల సూర్యుల బరువుగల ఉదజని యుండెను. అందలి నక్షత్రములన్నిటి బరువుకంటెను అది హెచ్చు. అయినను ఆ గెలాక్సులు నక్షత్రములను కనెడి వేగమునకు ఆ నిల్వ 100 లేక 200 కోట్ల యేండ్లకే సరిపోవును. రాబడి తగ్గిన యింట గాదె యడుగంటినట్లు, వెలుపలినుండి వచ్చు వాయుప్రవాహము చాలకపోవుటతో నక్షత్రజననమును సన్నగిల్లినది. నేటి మన పాలవెల్లి ఏటికి ఒకరిద్దరు సూర్యుల పాటి నక్షత్రములను మాత్రమే కనుచున్నది.

ఇక రూపము మాటకు వచ్చినచో, తొలినాటి చక్రగెలాక్సులు దళసరిగా, సంక్షోభభరితముగా, ముద్దలు ముద్దలుగా నుండి, పిమ్మట క్రమముగా పలుచబడి కుదురుకొన్నవని ఖగోళజ్ఞులు తలచుచు వచ్చిరి. ఆ కథయంతయు తప్పు కాదు గాని, అన్ని గెలాక్సులును ఆ క్రమమునకు లోబడలేదు. ఈ దూరదర్శినిని నడపు పుణె సంస్థకే చెందిన రాశి జైన్, యోగేశ్ వాదాడేకర్‌లు జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని చిత్రములలో కనుగొని, 2025లో లోకమునకు చూపిన అలకనంద యను గెలాక్సి, విశ్వము పుట్టిన 150 కోట్ల యేండ్లకే రెండు చక్కని బాహువులు తీర్చుకొని, సుమారు 30,000 కాంతి సంవత్సరముల వెడల్పున నిండు సర్పిలరూపము దాల్చి యున్నది. ఏటికి దాదాపు 60 సూర్యుల పాటి నక్షత్రములను కనుచుండెను. రూపము కుదురుటకు దీర్ఘకాలము అక్కరలేదని దీనివలన తేలినది. కుదిరిన పిదప గెలాక్సి ఎట్లు బ్రదికినదో తెలియవలెనన్న, అందమైన చిత్రములకంటె ఈ తీగెవలల లెక్కయే నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచినది.

ఖోదడ్ పోదలచిన పాఠకులకు ఒక మనవి: ఆవరణము చేరకముందే సెల్‌ఫోను ఆపివేయుడు. 800 కోట్ల యేండ్లు నడచి వచ్చిన సంకేతముకంటె జేబులోని ఆ పరికరపు తరంగము ఈ పళ్లెరములకు మిక్కిలి బలమైనది.