యోగ్యతాపత్రం

మా సీమలో ‘గండి’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. కొండను చీల్చుకొని ఏరు బయటపడే చోటు ఒక గండి. చెరువుకట్ట తెగి నీళ్ళు ఊళ్ళమీద పడే చోటు మరొక గండి. మొదటిదానికి చేతులెత్తి దండం పెడతాము. రెండోదాని పేరు వింటేనే గుండె జారుతుంది. పాపఘ్ని నది కొండల నడుమనుంచి దూరివచ్చే చోట వీరాంజనేయస్వామి వెలసిన గండి మొదటి రకానిది. శ్రావణ శనివారాల్లో పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్కల జనమంతా పిల్లాజెల్లాతో అక్కడే వుంటారు.

మొదటి గండి ఏరు చేసిన పని. రెండోది చాలాసార్లు మనిషి చేయని పని. అందుకనే, ఒక పెద్ద పని తలపెట్టినప్పుడు దాన్ని ఎవరి చేతికి అప్పగించాలి, ఆ మనిషి తగినవాడని తెలుసుకోవటం ఎట్లా అన్నది మావైపు వాళ్ళకు కొత్త ప్రశ్న కాదు.

మావైపు ప్రాజెక్టు అంటే ఆనకట్ట. మైలవరం ప్రాజెక్టు, గండికోట ప్రాజెక్టు అంటాము. ఇప్పుడు బెంగుళూరు, హైదరాబాదు ఆఫీసుల్లో కంప్యూటరు ముందు కూర్చుని చేసే పనికీ అదే పేరు వచ్చింది. ఇన్నాళ్ళలో, ఇంత డబ్బుతో, ఇంతమంది చేత ఫలానా పని పూర్తి చేయించే బాధ్యత ఒకరి నెత్తిన పెడతారు. ఆయన ప్రాజెక్ట్ మేనేజరు. ఇదేమిటో అర్థం కానివారు తమ ఇంట జరిగిన పెళ్ళిని తలుచుకోండి. పందిరివాడినీ, వంటవాళ్ళనూ, పురోహితుణ్ణీ, అలిగిన వియ్యపురాలినీ ఒక్క చేతిమీద నడిపించిన మేనమామ ఒకడు ప్రతి కుటుంబంలోనూ వుంటాడు. ఆయన చేసిందీ అదే ఉద్యోగం. జీతం లేదు, అంతే తేడా.

మేనమామకు పరీక్ష లేదు గాని, ఆఫీసులో వాళ్ళకు వుంది. అమెరికాలో 1969లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ పుట్టింది. అది 1984నుంచి పరీక్ష పెట్టి, గెలిచినవారికి పి.ఎం.పి. అనే పట్టా ఇస్తున్నది. పేరు చివర మూడక్షరాలు తగిలించుకోవచ్చు. నా వంటి తెలుగు లెక్చరరుకు ఆ మూడక్షరాలతో పనేమిటంటారా? వుంది. నా దగ్గర ఇంటర్మీడియట్ చదివిన పిల్లవాడొకడు ఇంజనీరింగు పూర్తిచేసి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వచ్చింది నమస్కారానికి మాత్రమే కాదు, తీర్పుకు.

సంగతి యిది. అతని ఆఫీసులో ఒక పెద్ద పనికి నాయకుణ్ణి వెతికారు. ఇద్దరు మిగిలారు. నాలుగేళ్ళుగా అటువంటి పనులే లాక్కొస్తున్నవాడు మావాడు. రెండో అతనికి అంత అనుభవం లేదు గాని మూడక్షరాలున్నాయి. పని ఇచ్చేవారు సముద్రానికి అవతల వున్నారు. ఇద్దరి ముఖాలూ వాళ్ళు ఎరుగరు. కాగితాలు చూసి రెండో అతణ్ణి ఎంచుకున్నారు. ఇప్పుడు తనూ ఆ పరీక్ష రాయాలా వద్దా? పరీక్ష ఫీజు, తయారుచేసే క్లాసుల ఫీజు కలిపితే చిన్న మొత్తం కాదు. పాప బడిఫీజు కట్టవలసిన రోజులు. భార్య గాజులు తాకట్టు పెట్టయినా కట్టమంటున్నది. తండ్రికి మాత్రం మండిపోతున్నది.

తండ్రి బేల్దారి మేస్త్రి. మా వీధిలో సగం మిద్దెలు ఆయన చేతిమీదుగా లేచినవే.

“నాకెవురిచ్చినారు సార్ సర్టిఫికెట్టు? ముప్పై ఏండ్లుగా కడతాండా. నేను కట్టిన మిద్దెల్లో ఒగటి ఉరిసిందని ఎవుర్నన్నా అనమను. వీడు కాయితం కోసరం ఇంత దుడ్డు పోస్తానంటాడు” అన్నాడు.

ఆయన మాట తీసిపారేయదగింది కాదు. నా పెట్టెలో ఎం.ఏ. పట్టా వుంది. ఉద్యోగంలో చేరిననాడు ఒకసారి బయటికి తీశాను. ఆ తరువాత చివరి బెంచీ కుర్రవాడొక్కడూ దాన్ని చూపించమని అడిగిన పాపాన పోలేదు. వాడికి కావలసింది ఆ గంటలో నేను పాఠం చెప్పగలనా లేదా అన్నది. అది ప్రతిరోజూ కొత్తగా రుజువు చేసుకోవలసిందే.

యోగ్యతాపత్రం అనగానే తెలుగు చదువుకున్నవారికి ‘మహాప్రస్థానం’ జ్ఞాపకం వస్తుంది. శ్రీశ్రీ పుస్తకానికి చలం రాసిన ముందుమాట పేరు అది. పుస్తకం 1950లో వచ్చేనాటికే ఆ గీతాలు పత్రికల్లో వచ్చి, యువకుల నోళ్ళలో నలుగుతున్నవి. చలం సిఫారసు లేకపోయినా అవి నిలిచేవే. అయినా, శ్రీశ్రీని ఎరుగని ఎందరో పాఠకులు చలం చేయి పట్టుకునే ఆ పుస్తకం లోపలికి అడుగుపెట్టారు. నాకు ఇందులో ఒక సూత్రం కనబడుతుంది. పత్రం అనేది తెలిసినవారికోసం కాదు, తెలియనివారికోసం.

మా జిల్లా చరిత్రలోనే దీనికి సాక్ష్యాలున్నాయి. దత్తమండలాలకు 1800నుంచి 1807వరకు కలెక్టరుగా వున్న థామస్ మన్రో సంగతి చూడండి. గండిలో కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందని మావైపు పెద్దలు కథగా చెప్పుకుంటారు. ఆ మన్రో రెవెన్యూ పరీక్ష రాసి వచ్చినవాడు కాదు. పటాలంనుంచి వచ్చాడు. బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి కింద ఏడేళ్ళు ఊరూరా తిరిగి, పొలం గట్లమీద ఆ విద్య నేర్చాడు. ఆయన పని కళ్ళారా చూసిన పైఅధికారి వున్నాడు గనక వేరే పత్రం అక్కరలేకపోయింది.

ఆ తరువాతి తరం సి.పి. బ్రౌన్‌ది. అప్పటికి మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కాలేజీ వచ్చింది. కుర్ర దొరలు దేశభాషలు చదివి, పరీక్ష ఇచ్చిన తరువాతనే జిల్లాలకు రావాలి. బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి, 1820లో పరీక్ష ప్యాసయి కడపకు వచ్చాడు. అంతటితో ఆగివుంటే ఆయన పేరు మనకెవరికీ తెలిసేది కాదు. వేమన పద్యాలమీద పని పట్టింది నాలుగేళ్ళ తరువాత. కడపలో బంగళా కొని, తన డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టుకొని, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. తెలుగు నిఘంటువు 1852లో వెలువడింది. ఇంతమందిని ఇన్నేళ్ళు ఒక తాటిమీద నడిపించటంకన్నా పెద్ద ప్రాజెక్టు మేనేజరు పని ఇంకేముంటుంది? కాలేజీ పరీక్ష ఆయన్ను కడప గుమ్మందాకా తెచ్చింది. ఇల్లు ఆయనే కట్టుకున్నాడు.

వీళ్ళిద్దరికన్నా పాత సాక్ష్యం పోరుమామిళ్ళ చెరువు దగ్గర రాతిమీద వుంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించి, 1369లో సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పని జరిగిందని అందులో లెక్క వుంది. అంతకన్నా విలువైనది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, వుండగూడని ఆరు దోషాలనూ వరసగా చెక్కించటం. మొదటి అంగం ధర్మమూ ధనమూ కీర్తికాంక్షా వున్న రాజు. అంటే పెట్టుబడి పెట్టేవాడు. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తరువాత గట్టినేల, తీయని నీటి ఏరు, కట్టకు ఊతమిచ్చే కొండ, రాయి దొరికే గని మొదలైనవి. పన్నెండోది, చిట్టచివరిది, కట్టడం పనిలో చేయితిరిగిన మనుషుల గుంపు. శాస్త్రజ్ఞుడు రెండోచోట వున్నాడు, మేస్త్రి పన్నెండోచోట వున్నాడు. ఒకడుంటే రెండోవాడు అక్కరలేదని రాయించిన ప్రభువు అనలేదు.

ఆరు దోషాలను చదివితే ఇవాళ్టి ఆఫీసుల సంగతే రాశారా అనిపిస్తుంది. కట్టలోంచి నీరు ఊరటం ఒక దోషం. చౌడునేల ఇంకొకటి. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో పడటం మరొకటి. ఇద్దరు పెద్దల పెత్తనం కింద పడిన పని గతి ఏమవుతుందో పెళ్ళిళ్ళు చేసినవారికి వేరే చెప్పాలా! చెరువు నడుమ మెరక వుండగూడదు. నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కాగూడదు. ఆయకట్టు తక్కువై నీళ్ళు ఎక్కువా కాగూడదు. నలుగురు మనుషులను ఇచ్చి నలభైమంది పని ఒప్పుకునే యజమానులు ఆ రాయిని ఒకసారి చూసిరావటం మంచిది.

మా పక్క జిల్లాలోనే, 1388లో, పెన్న నీళ్ళను కాలువ ద్వారా పెనుగొండకు తెమ్మని రాజాజ్ఞ అందుకున్న సింగాయభట్టు అనే ఆయన వున్నాడు. ఆయన్ను శాసనం ‘జలసూత్ర’ నిపుణుడన్నది. ఆనాటి మూడక్షరాల బిరుదు అదేనేమో. ఆ బిరుదు సింగాయభట్టును ఎరిగినవారికోసం కాదు. దాదాపు ఆరు శతాబ్దాల తరువాత పుట్టిన నాకోసం. ఆయన ఎవరో నాకు అది చెప్పింది.

ఈ మాటలే ఆ తండ్రీకొడుకులకు చెప్పాను. మేస్త్రి చాలాసేపు కాఫీగ్లాసును అరచేతుల మధ్య దొర్లిస్తూ కూర్చున్నాడు. తరువాత, కొడుకువైపు చూడకుండా నాతో అన్నాడు:

“నేను గూడా కువైటుకు పోయొచ్చినా సార్, వీడు పుట్టినప్పుడు. ఆడ గోడ నేను కడతాంటి, మేస్త్రి జీతం ఇంగొగనికి. వానికి యాడిదో ఒగ కాయితం ఉండె. నన్ను రెండేండ్లు హెల్పరు లెక్కనే పెట్టినారు. నా మిద్దెలన్నీ ఈడుండె. ఎత్తకపోయి సూపిచ్చేదానికి కాదు గదా.”

ఆ మాట కొడుకు ఎన్నడూ విననట్టుంది. తల వంచుకున్నాడు.

మా జిల్లానుంచి కువైటుకు పోయిన కుటుంబాలు ఎన్నో వున్నాయి. వాటిలో ఇటువంటి కథలు ఎన్ని మూగగా వున్నాయో! కనుచూపు మేరలో గోడే మనిషికి సాక్ష్యం చెబుతుంది. కొండ దాటితే, సముద్రం దాటితే గోడ మాట వినబడదు. అక్కడ కాగితం మాట్లాడాలి. దాన్ని తక్కువచేసి మాట్లాడటం, ఊరు దాటి పోవలసిన అవసరం లేనివారికి చెల్లుతుంది.

అట్లాగని, కాగితాన్ని పనికన్నా ముందు కొనుక్కోవచ్చునని నేను చెప్పలేదు. ఆ పరీక్ష నియమాలు మావాడు చూపిస్తే చదివాను. నాలుగేళ్ళ డిగ్రీ వున్నవారు కూడా కనీసం 36 నెలలు ప్రాజెక్టులు నడిపి వుండాలి. హైస్కూలు చదువుతో ఆగినవారు 60 నెలలు నడిపి వుండాలి. ఆపైన 35 గంటల పాఠం వినాలి. అప్పుడుగాని పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్షలో అడిగేదీ మూడు తెరగులు: మనుషులతో మెలగటం, పని నడిపే పద్ధతి, చుట్టూ వున్న వ్యాపార పరిస్థితి. పోరుమామిళ్ళ రాయికి ఇది మరీ దూరం కాదు. చెప్పేదేమంటే, పనిచేసినవాడికే ఆ కాగితం అర్థవంతం. చేయనివాడి చేతిలో అది వట్టి అట్ట. నాలుగేళ్ళు పని లాక్కొచ్చిన మావాడికి ఆ సందేహం లేదు.

నాకు నచ్చిన నియమం ఇంకొకటుంది. ఆ పట్టా ఒకసారి వస్తే చచ్చేదాకా చెల్లదు. మూడేళ్ళకొకసారి, ఈమధ్య ఏమి నేర్చావో, ఏమి నేర్పావో 60 గంటల లెక్క చూపించి తిరిగి పుచ్చుకోవాలి. ఏటా మట్టి తీసి, కట్టకు మరమ్మతు చేసుకునే చెరువులాగా అన్నమాట. 2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కింది పల్లెల్లో ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. కారణాల చర్చ నిపుణులది. నా బోటివాడికి తెలిసేది ఒక్కటే. కట్టిననాటి యోగ్యత కట్టకైనా మనిషికైనా శాశ్వతం కాదు. ఏరు ప్రతి ఏడూ కొత్తగా పరీక్ష పెడుతుంది. మా లెక్చరర్ల పట్టాలకూ ఈ మూడేళ్ళ నియమం పెడితే ఎందరం నిలుస్తామో ఆలోచించుకోవలసిందే.

కాగితం చెప్పలేనివీ వున్నాయి. గండికోట జలాశయం నిండటం మా కరువుసీమకు పండగే. దాని కింద తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు మునిగాయి. తరాలుగా వున్న గడప దాటి, సామాను బండికెత్తుకున్న ముసలమ్మ దగ్గర నిలబడి ఏమి మాట్లాడాలో ఏ పరీక్షలోనూ నేర్పరు. అది ఇంట్లో, బడిలో, కష్టంలో నేర్చుకోవలసిందే. పిల్లలను ఇంజనీర్లను చేయాలని ఆరాటపడే తల్లిదండ్రులు ఈ ఒక్క పాఠం తమవంతుగా వుంచుకుంటే మేలు.

అందువల్ల నా తీర్పు యిది: పరీక్ష రాయి నాయనా, గాజుల జోలికి పోకుండా, నెలనెలా కొంత తీసిపెట్టుకొని ఆరునెలలకు రాయి. మూడక్షరాలు వచ్చాక, అవి లేనివాడి పని చూడకుండా కొట్టివేయకు.

మేస్త్రితో ఇంకొక మాట అన్నాను. పనిలోనే నేర్చుకున్నవారిని పరీక్షించి పత్రం ఇచ్చే ఏర్పాటు కేంద్రప్రభుత్వం వారి కౌశల్ వికాస్ యోజనలో వుంది, బేల్దారులకు కూడా, మీరూ కూర్చోరాదా అని. ఈ వయసులో పరీక్షేంది సార్ అని ఆయన పెద్దగా నవ్వాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గేటుదాకా పోయి వెనక్కి తిరిగి అడిగాడు:

“దాంట్లో ఫోటో గూడా ఏస్తారా సార్?”