బీట చూపించి మరీ అమ్మాడు

అమలాపురంలో బస్సు మారి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, రాజోలు దారిలో ఓ కాలవగట్టు దగ్గర దిగాను. రాత్రి వాన పడినట్టుంది, కొబ్బరి తోటలన్నీ నీళ్లు కారుతున్నాయి. హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చింది ఓ పాత బేస్ గిటారు కోసం.

అరుగు మీద నవ్వారు మంచం, దాని మీద నల్లటి పెట్టె. "ముందిది చూడండి, వాయించడం తరవాత" అంటూ ఇంటాయన గిటారు తీసి వెలుతురుకు తిప్పాడు. బ్రిడ్జి కింద నుంచి అంచు దాకా జానెడు గీత. పాలిష్ కింద వెంట్రుక ఇరుక్కున్నట్టుంది. బేరంలో వాడదామని నేను దాచుకున్న మాట కాస్తా ఆయనే అనేశాడు.

కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా చేశాడట. శుక్రవారం ఆరాధనలో ఈ బేస్ వాయించేవాడు. బయట ఎడారి, గదిలో రాత్రీ పగలూ ఏసీ. పైపలక స్ప్రూస్ చెక్క, మందం మూడు మిల్లీమీటర్లకు అటూఇటూ. గాలిలో తడి తగ్గితే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. చుట్టూ జిగురుతో బిగించేసి ఉంటే ఇక ఎటు కదులుతుంది? ఓ రాత్రి టప్పుమని విచ్చుకుంది.

"ఇక్కడికి తెచ్చాక రెండు నెలల్లో బీట దానంతటదే మూసుకుందండి."

"అయితే బాగైపోయినట్టేగా?"

"ఆయ్, కాదండి. మూసుకోవడం వేరు, అతుక్కోవడం వేరు."

అతికింది తలుపులు చేసే ఊరి వడ్రంగి. చెక్క తడి పీల్చి అంచులు కలిశాకే జిగురు పట్టించాడట. ఎండినప్పుడే అతికితే సందులో జిగురు నిండేది, వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు మళ్లీ ఒత్తిడి పడేది. చిన్న అద్దం, టార్చి నా చేతికిచ్చి గిటారు రంధ్రంలోంచి చూడమన్నాడు. బీట పొడవునా లోపల ఐదు చెక్క బిళ్లలు. వాటి గీతలు బీటకు అడ్డంగా ఉన్నాయి. నిలువుగా పెడితే పలకతో పాటు బిళ్ల కూడా చీలుతుందట. వేలితో తట్టాను. ఎక్కడా గరగర లేదు.

అప్పుడు వాయించాను. లావు తీగ సెకనుకు 41 కంపనాలు, మామూలు గిటారు మంద్ర తీగకన్నా ఓ స్థాయి కింద. అంత లోతైన నాదాన్ని గదంతా వినిపించాలంటే నిలబడి వాయించే డబుల్ బేస్ అంత పెద్ద పొట్ట కావాలి. ఒళ్లో పట్టే ఈ పొట్టకు అది సాధ్యం కాదు. అందుకే బ్రిడ్జి కింద పికప్, పక్కన తొమ్మిది వోల్టుల బ్యాటరీ. యాంప్‌కు తగిలించగానే కిటికీ రెక్క అదిరింది. మన వీణకూ పెద్ద కచేరీలో కాంటాక్ట్ మైకు తగిలిస్తారు గదా! కాకపోతే బొబ్బిలి వీణ పనస దుంగను తొలిచి చేసింది, ఇది పలచటి పలకలు అతికించింది. దీని సుకుమారం దీనిది.

కోనసీమ తడి కూడా దీనికి పూర్తిగా పడదు. పలక కొంచెం పొంగింది. తీగలు మెడ మీద నుంచి లేచి, నొక్కడానికి వేళ్లు నొప్పెడుతున్నాయి. రెండు తీగలు తుప్పు పట్టాయి. అవీ ఆయనే చూపించాడు.

పన్నెండు వేలన్నాడు. నేను ఎనిమిదన్నాను.

"బీటకు నాలుగు వేలు తగ్గించే చెప్పానండి. ఒక్క బీటకు రెండుసార్లు తగ్గించమంటే ఎలాగండి?"

ఆయనింట్లో కొబ్బరి బొండం తాగుతూ ఇంకా ఏం బేరమాడతాం! కొత్త తీగల ఖర్చు కింద ఐదొందలు మాత్రం వదులుకున్నాడు. చీటీ మీద "బీట ఉంది, అతికించినది, చూసుకుని కొన్నారు" అని ఆయనే రాశాడు.

పెట్టె మూయబోతూ ఆగాడు. "మీ ఇంట్లో ఏసీ ఉందాండి?"

ఉందన్నాను. ఏమీ అనకుండా లోపలికెళ్లి, కన్నాలు పొడిచిన ప్లాస్టిక్ సబ్బుపెట్టె తెచ్చాడు. అందులో తడిపి పిండిన స్పాంజి ముక్క. "ఇది గిటారు పెట్టెలో ఉంచండి. ఎండాకాలం ఆరకుండా చూసుకోండి. నీళ్లు మాత్రం కారకూడదండి."

తిరుగు ప్రయాణం రాత్రి ఏసీ బస్సులో. రావులపాలెం దాటాక చలి పెరిగింది. దుప్పటి తీసి ముందు గిటారు పెట్టెకు చుట్టాను. తరవాత మూత కొంచెం ఎత్తి, స్పాంజిని వేలితో నొక్కి చూశాను. తడిగానే ఉంది.